ఎండ పడని మనిషి

రవికుమార్ నీళ్లు శుద్ధి చేసే యంత్రాల కంపెనీలో ఇంజనీరు. ప్లాంటు పని మీద పదకొండేళ్లుగా, ఏడాదికి మూడుసార్లైనా, కొలంబియాలోని బరన్‌కియా నగరానికి వెళ్లివస్తున్నాడు. కాలిఫోర్నియాలో, డబ్లిన్‌లోని ఇంటికి తిరిగొచ్చిన ప్రతిసారీ ఒకే మాట చెప్పేవాడు.

"అదీ ఒక ఊరేనా ఉమా. ఎండ, దుమ్ము, దోమలు. హోటల్ గది, ప్లాంటు, అంతే."

ఉమామహేశ్వరి మొదట్లో తనూ వస్తానని రెండుసార్లు అడిగింది. తర్వాత మానేసింది. కూతురు ఆద్య అప్పుడు హైస్కూల్లో ఉంది, తనకేమో ఫార్మసీలో ఉద్యోగం. పాపం ఆయన అక్కడ తిండికి ఎంత ఇబ్బంది పడుతున్నాడో అనుకుని, ప్రతిసారీ సూట్‌కేసులో కందిపొడి, ఊరమిరపకాయలు సర్ది పంపేది.

ఈ మార్చిలో ఒక పెళ్లి కార్డు వచ్చింది. అక్కడి ప్లాంటు మేనేజరు ఎర్నెస్టో పెద్దకూతురి పెళ్లి. కవరు మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉన్నాయి.

"నువ్వు తట్టుకోలేవు. నలభై డిగ్రీలుంటుంది," అన్నాడు రవికుమార్.

"రెంటచింతలలో పుట్టినదాన్నండీ. నాకా ఎండ సంగతి చెప్తారు?" అని నవ్వింది ఆమె. ఆయన నవ్వలేదు. మర్నాడు ఆమే ఇద్దరికీ టికెట్లు బుక్ చేసింది.

బరన్‌కియా విమానాశ్రయంలో తలుపు తెరుచుకోగానే వేడిగాలి మొహాన కొట్టింది. నిమిషంలో వీపంతా చెమట. ఇరవై ఆరేళ్లుగా బే ఏరియా చలిగాలికి ముడుచుకున్న భుజాలు వాటంతట అవే సడలాయి. దారి పొడుగునా ప్రహరీల మీంచి మామిడికొమ్మలు కాయలతో వంగి ఉన్నాయి. ఒక మలుపులో తోపుడుబండి మీద పచ్చిమామిడి సన్నగా తరిగి, ఉప్పూ మిరియాలపొడీ చల్లి గ్లాసుల్లో అమ్ముతున్నారు. టాక్సీ ఆపించి కొనుక్కుంది. పళ్లు పులిసినా వదలకుండా తింది. ఇళ్ల ముందు ఊగే కుర్చీల్లో ఆడవాళ్లు విసురుకుంటూ కబుర్లు చెప్పుకుంటున్నారు. ఫోన్ తీసి చూసింది. ముప్పై మూడు డిగ్రీలు.

"మీరు చెప్పింది ఈ ఊరేనా?" అని అడిగింది.

ఇంతలో డ్రైవరు ఏదో అడిగితే రవికుమార్ గడగడా స్పానిష్‌లో జవాబిచ్చాడు. ఆయనకి ఆ భాష అంత బాగా వచ్చని ఆమెకి అప్పుడే తెలిసింది.

టాక్సీ హోటల్ దగ్గర ఆగలేదు. ఎర్నెస్టో ఇంటి ముందు ఆగింది. ఎర్నెస్టో భార్య మార్తా అక్కడి బడిలో ఇంగ్లీషు టీచరు. పరుగున వచ్చి ఉమామహేశ్వరిని కావలించుకుని, ఆమె చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీకు పూర్తిగా నయమైందా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"ఏం నయమవడం?"

"ఎండలోకి వస్తే ఒళ్లంతా బొబ్బలెక్కుతాయని రవి చెప్పేవాడు. ఎన్నిసార్లు పిలిచామో, ప్రతిసారీ అదే అడ్డం. ఆద్య వచ్చినప్పుడు కూడా మిమ్మల్ని తలుచుకున్నాం."

"ఆద్య వచ్చిందా?"

"రెండేళ్లయింది. వారం రోజులుంది. ఇదిగో, ఈ గదిలోనే. రవి ఎప్పుడొచ్చినా ఉండేదీ ఇక్కడే కదా."

రెండేళ్ల కిందట ఆద్య స్నేహితులతో మయామీ వెళ్తున్నానని చెప్పింది. సన్‌స్క్రీన్ మర్చిపోవద్దని ఉమామహేశ్వరే ఫోన్ చేసి గుర్తుచేసింది.

వాకిట్లో సామాను దించుతున్న భర్త వైపు ఆమె చూసింది. ఆయన తల ఎత్తలేదు.

"నయమైందండీ," అంది మార్తాతో.

నాలుగు రోజులూ ఆ అబద్ధాన్ని ఆమే మోసింది. పెళ్లిలో రవికుమార్ అందరితో కలిసి నాట్యం చేశాడు. తమ పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన కాలు కదపడం ఆమె చూడలేదు. జనం ఆయన్ని పేరుపెట్టి పిలుస్తున్నారు, ఆయన పకపకా నవ్వుతున్నాడు. పక్కన కూర్చున్న ముసలావిడ ఆమె నెత్తిన గొడుగు పట్టింది, ఎండ పడదని అక్కడ అందరికీ తెలుసు కాబట్టి.

డబ్లిన్ చేరిన మర్నాడు పొద్దున్న కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"అక్కడ ఎవరైనా ఉన్నారా?"

"లేరు ఉమా. ఒట్టు."

"మరెందుకు?"

ఆయన కప్పు పక్కన పెట్టాడు. "అక్కడ నేను వేరేగా ఉంటాను. నువ్వొస్తే మళ్లీ ఇక్కడి మనిషినే అయిపోతానేమోనని."

ఆ మాట ఆమె నమ్మింది. నమ్మాక కష్టం ఇంకా పెరిగింది.

"ఆ ఊరు నాకొక్కడికే ఉండనీ అని అడిగుంటే సరేననేదాన్ని. నన్ను రోగిష్టిదాన్ని చేశారు. నేను పంపిన పొడి ఏం చేసేవారు?"

"మార్తా వాళ్లకి ఇచ్చేవాణ్ణి. ఇష్టంగా తింటారు."

శనివారం ఫ్రీమాంట్‌లో కూతురి అపార్ట్‌మెంట్‌కి డ్రైవ్ చేసుకుని వెళ్లింది. ఆద్యకి అప్పటికే విషయం తెలుసు. తండ్రి ఫోన్ చేశాడు.

"నాన్న చెప్పొద్దు అన్నారు, అమ్మా. నువ్వు ఫీల్ అవుతావని."

"ఫీల్ అవుతానని నీకూ తెలుసు కదా."

"ఇట్ వాజ్ జస్ట్ వన్ వీక్."

"వారం కాదు ఆద్యా, రెండేళ్లు. ప్రతి ఆదివారం ఫోన్‌లో నాతో మాట్లాడావు."

ఆద్య ఏడ్చింది. "ఆర్ వీ ఓకే?" అని అడిగింది.

"లేదు," అంది ఉమామహేశ్వరి. గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. దగ్గరికి మాత్రం తీసుకోలేదు.

ఆమె ఇల్లు వదిలి వెళ్లలేదు. ఆదివారాలు ఆద్య ఫోన్ చేస్తూనే ఉంది, ఆమె మాట్లాడుతూనే ఉంది. నిన్న రవికుమార్ ఆఫీసుకి బయల్దేరుతూ, "బయట చలిగా ఉంది, స్వెటర్ వేసుకో" అన్నాడు. సరేనంది. ఆయన కారు మలుపు తిరిగాక వీధి తలుపు తీసి, గుమ్మంలో నిలబడి చెయ్యి బయటికి చాచి చూసింది.