జాలీ డిజైను

సూరత్ లింబాయత్ గల్లీలో సోమలింగం రాత్రిపాళీ దిగొచ్చి, చాయ్ తాగి పడుకున్నాడంటే గురక మొదలయ్యేది. ఆ గురకకు మంచం కాళ్ల దగ్గర గుడ్డ నేతపడేది. మధ్యాహ్నానికి ఆ గుడ్డను భార్య నర్సవ్వ మడతపెట్టేది. సాంచా మరమగ్గం నడిపేవాడి గురక గుడ్డ నేయక పిండి విసురుతుందా? ఎవరూ అడగలేదు.

లాక్‌డౌన్‌లో కార్ఖానాలన్నీ మూతపడ్డా ఈ ఒక్క సాంచా ఆగలేదు. పనిలేని తిండికి సోమలింగం మెడ లావెక్కింది. గుడ్డలో చిల్లులు పడసాగాయి.

"పేక తెగుతున్నట్టుందే," అన్నాడు.

నర్సవ్వ కార్ఖానాలో గుడ్డ తనిఖీ చేసే మనిషి. మొగుడి తప్పులే వదలదు, గుడ్డ తప్పులు వదులుతుందా?

"నీకేం తెల్వదు. ఇది జాలీ డిజైను," అని తేల్చింది. గల్లీ ఆడవాళ్లు ఎగబడి జాకెట్లు కుట్టించుకున్నారు.

గురక మధ్యలో ఆగినప్పుడల్లా 'ఇప్పుడు కమ్మగ పండుకున్నడు' అనుకుని నర్సవ్వ ఫ్యాను తనవైపు తిప్పుకునేది. సోమలింగం మాత్రం తలనొప్పితో లేచేవాడు, చాయ్ గ్లాసు పట్టుకునే కునికేవాడు.

"పొద్దంత పండి గీ కునుకుడేంది? నీ నిద్ర ఎవడెత్తుకపోతుండు?"

"ఏమో, జర వెతికిపెట్టరాదు."

మరుసటేడు, కార్ఖానాలు తెరిచాక, ఒక మధ్యాహ్నం గుడ్డ జానెడే పడింది. ఆపైన ఒట్టి పడుగు పోగులు. గురక లేదు. కమ్మగా పడుకున్నాడని ఆమె లేపలేదు.

సాయంత్రం పాళీకి లేపబోతే ఒళ్లు చల్లగా తగిలింది.

కొన్నాళ్లకు తోడికోడలు సంధ్య ఒక గుడ్డ తెచ్చింది. "అక్కా, మీ మరిదికి గూడ జాలీ పడుతుంది! నీకొక జాకెట్టు కుట్టియ్యనా?"

నర్సవ్వ చిల్లులో వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

"ఇది డిజైను గాదు చెల్లె. ఊపిరి తెగిన జాగ. తప్పులు పట్టే కండ్లు నావి. ఇంట్ల తప్పుకు పేరు వెట్టి మురిసినయి."

మరిది నరహరిని అప్పుడే దవాఖానకు లాక్కుపోయింది. నిద్రలో పరీక్ష చేశారు. గొంతులో గాలిదారి మూసుకుపోయి ఊపిరి ఆగుతోందని చెప్పాడు డాక్టరు. బరువు తగ్గాలి, తాగుడు మానాలి, పక్కకు తిరిగి పడుకోవాలి, నిద్రపోయినప్పుడల్లా గాలి మిషను మాస్కు పెట్టుకోవాలి.

"ఊరంత మాస్కులు తీస్తుంటే నాకు తగిలిస్తిరా, వదినె!" అన్నాడు నరహరి.

మాస్కు పెట్టాక గురక లేదు, గుడ్డా లేదు. నిద్రపోతున్న మొగుణ్ణి చూసి సంధ్య మెల్లగా అడిగింది: "ఇప్పుడు కమ్మగ పండుకున్నడు గదా, అక్కా?"

నర్సవ్వ అతని ఛాతీ లేచి పడేదాకా చూసింది. మళ్లీ లేచేదాకా చూసింది.

"ఆ, ఇప్పుడు పండుకున్నడు," అంది.