గుండీల డబ్బా

టైలరమ్మ మైనపు దిమ్మకి నోరు దగ్గరగా తెచ్చి హా అని ఊపిరి వదిలింది. ఆ వెచ్చదనానికి మైనం పిసరంత మెత్తబడుతుంది, ముక్క చిట్లకుండా లేస్తుంది. రెండు క్షణాలు ఆగి కుడిచేత్తో కోత మిషను చక్రం తిప్పింది. దిమ్మ దిగి కత్తి అంచుని రాసుకుంది. వెంట్రుకలో పదో వంతు మందాన మైనపు పొర ఒకటి లేచి ముందుకు పాకింది. దాని వెనకాల ఇంకొకటి, దాని తోక పట్టుకుని మరొకటి. పొద్దున్న ఏడున్నర. గదిలోకి ఇంకా ఎవరూ రాలేదు. గుండె మాత్రం పరీక్ష ఫలితాలు వచ్చే రోజు పిల్లలకి కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఇదేం ఆత్రమో అని తనలో తనే నవ్వుకుంది.

ఆసుపత్రిలో అందరూ టైలరమ్మ అంటారు గానీ ఆవిడ కుట్టేది ఏమీ లేదు. చనిపోయినవాళ్లు పరీక్షల కోసం రాసిచ్చి వెళ్లిన మెదళ్ల ముక్కల్ని మైనంలో పోతపోసి, పలచటి పొరలుగా కోసి, స్లైడ్ల మీదకెక్కించి, రంగులు పట్టించి డాక్టరమ్మ ముందు పెడుతుంది. ముప్పై మూడేళ్లుగా అదే పని. ఆ పేరు దారం వల్ల వచ్చింది. అప్పుడే తీసిన మెదడు మహా మెత్తన. బకెట్ అడుగున పడేస్తే దాని బరువుకి అదే అణిగి చదునైపోతుంది. అందుకని దాని అడుగున ఉండే రక్తనాళం కిందనుంచి దారం దూర్చి, ఫార్మలిన్ నీళ్లలో తలకిందులుగా వేలాడదీస్తారు. మూడు వారాలకి గట్టిపడుతుంది. స్టోర్సు వాళ్లిచ్చే దారం మొదటి ఏడాదే రెండుసార్లు పుటుక్కుమంది. ఆవిడ తిన్నగా అన్నయ్య టైలరింగ్ కొట్టుకి వెళ్లి, కోటు గుండీలు కుట్టే గట్టి దారం ఉండ ఒకటి పట్టుకొచ్చింది. ఆ తర్వాత ఒక్కటంటే ఒక్కటి తెగితే ఒట్టు. అన్నయ్య ఏటా ఒక ఉండ ఇచ్చేవాడు. ఇస్తూ ప్రతిసారీ అదే పరాచికం, కొలతలు తీసుకుంటున్నావా లేక ఊరికే వేలాడదీస్తున్నావా అని.

ఇవాళ కత్తి కిందున్న దిమ్మ మీద నలభై ఒకటి అనే ఈ ఏటి వరస అంకె తప్ప ఏమీ లేదు. పేర్లు రాయకూడదని నియమం. కానీ ఈ నలభై ఒకటికి దారం దూర్చి ముడేసింది ఆవిడే. నలభై ఒకటి అన్నయ్య.

అన్నయ్య పోయినప్పుడే డాక్టరమ్మ చెప్పింది, ఇది ఇంకెవరైనా చేస్తారు, మీరు నాలుగు రోజులు ఇంటిపట్టున ఉండండి అని. టైలరమ్మ వింటే కదా. మా అన్నయ్య గుడ్డ వేరేవాళ్ల కత్తెర కిందికి పంపనండీ అని కుండబద్దలు కొట్టేసింది.

ఆవిడకి తేలాల్సింది ఒక్కటే. అన్నయ్య మాత్రలు వేసుకున్నాడా, వేసుకున్నానని అబద్ధమాడాడా.

ఏడేళ్ల కిందట అన్నయ్యకి కుడిచెయ్యి మందగించింది. కొలతల పుస్తకంలో అంకెలు చీమల్లా చిన్నవైపోయాయి. ఒళ్లు బిగదీసుకుపోయింది. నరాల డాక్టరు చూసి పార్కిన్సన్స్ అన్నాడు, రోజుకి మూడు మాత్రలు రాశాడు. మొదటి ఆరు నెలలు బాగానే ఉంది. కోటు ఒకటి మొత్తం తనే కుట్టి, చూశావా అని చెల్లెలి ముందు విసిరాడు కూడా. ఆ తర్వాత ఏమైందో ఏమో, మాత్రలకి ఉలుకూ పలుకూ లేదు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే వెనక్కి విరుచుకుపడేవాడు. మెడ కర్రలా అయింది. గడ్డం పైకెత్తి, కళ్లు విప్పార్చుకుని ఎదుటివాడి నెత్తిమీదుగా చూస్తూ మాట్లాడేవాడు. మాస్టారికి పొగరెక్కింది అనుకుని పాత ఖాతాదారులు ఇద్దరు ముగ్గురు మానేశారు. కాలర్లు వంకర పోయాయి. గుడ్డని బల్లమీద పరవకుండా మొహానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని కత్తిరించడం మొదలుపెట్టాడు. ఇదేం చోద్యం అన్నయ్యా అంటే, ఇలాగే బాగుంది అనేవాడు.

టైలరమ్మకి తెలియనిదా ఈ జబ్బు. పార్కిన్సన్స్ మెదళ్లు వందల కొద్దీ కోసిన చెయ్యి అది. పార్కిన్సన్స్ అయితే మాత్ర పనిచేస్తుంది, మాత్ర పనిచెయ్యడం లేదంటే మాత్ర కడుపులోకే వెళ్లడం లేదు. ఆవిడ లెక్క అంత సూటి. ఒకరోజు కొట్లో జాకెట్ హుక్కు కోసం గుండీల డబ్బాలో చెయ్యి పెడితే గుండీలతో పాటు మాత్రలు వచ్చాయి. తెల్లటివి, గుండ్రటివి, పదకొండు. ఒళ్లు మండిపోయింది. వాటిని అన్నయ్య ముందు బల్లమీద పోసి, ఇదేంటి అని నిలదీసింది. అన్నయ్య వాటివైపు చూడను కూడా చూడలేదు. ఎదురుగా గోడవైపు చూస్తూ, ఒక్కో అక్షరం కూడదీసుకుని, "మింగానే" అన్నాడు.

అంతే, ఆవిడ నమ్మలేదు. వదినకి చెబితే బెంగపెట్టుకుంటుందని డబ్బా సంగతి ఆవిడకి చెప్పలేదు. తనే పొద్దునా సాయంత్రం వెళ్లి, మాత్ర చేతికిచ్చి, మింగాక నోరు తెరవమనేది. చెంచాతో నాలుక ఎత్తి కింద చూసేది. ఏడాదిన్నర. అన్నయ్య ఒక్కనాడు కాదనలేదు. చెల్లెలు చెంచా తియ్యగానే నోరు తెరిచేవాడు. అయినా జబ్బు ఆగలేదు. మధ్యాహ్నం మాత్ర ఎగ్గొడుతున్నాడు కాబోలు అని దానికీ ఒక కారణం కల్పించుకుంది ఆవిడ.

ఇన్నాళ్లకి, రెండు వారాల కిందట, ఆ నమ్మకానికి బీటపడింది. డాక్టరమ్మ నలభై ఒకటిని బల్లమీద పెట్టి కోసింది. నడిమెదడులో మామూలు మనుషులకి రెండు పక్కలా కనుబొమల్లా ఒక నల్ల గీత ఉంటుంది. కదలికలని నడిపేది ఆ నల్లకణాలే. అన్నయ్యకి ఆ గీత వెలిసిపోయి ఉంది. పార్కిన్సన్సే కదండీ అని టైలరమ్మ నీరుకారిపోయింది. తొందరపడొద్దు, ఇది ఇంకో జబ్బులోనూ వెలిసిపోతుంది అంది డాక్టరమ్మ. ఆ కిందున్న నీలపు చుక్కని కత్తి మొనతో చూపించి, పార్కిన్సన్స్ అయితే ఇది కూడా పోవాలి, ఇది చూడండి ఎంత బాగుందో అని, మిగతాది రంగులు వేశాక తేలుద్దాం అంది. ఆ క్షణం నుంచి టైలరమ్మకి నిలకడ లేదు.

పొరల్ని గోరువెచ్చటి నీళ్లలో తేలేసి, ముడతలు పోయాక స్లైడ్ల మీదకి ఎత్తుకుంది. గంటసేపు ఓవెన్లో పెట్టింది. పనివాళ్లొచ్చారు, కిటికీలు తెరుచుకున్నాయి, కారిడార్లో ట్రాలీలు గలగలలాడాయి. ఆవిడకి ఇవేవీ పట్టలేదు. స్లైడ్లు రెండు వరసలుగా పేర్చింది. మొదటి వరసకి వేసే మందు సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ ముద్దల్ని పట్టి గోధుమరంగులో చూపిస్తుంది. అవి ఉంటే పార్కిన్సన్స్, లేకపోతే అంతా అడుగురంగు నీలమే. రెండో వరసది టావ్ అనే ఇంకో ప్రొటీన్‌ని పడుతుంది. మొదటి వరసలో రంగు పడితే అన్నయ్య అబద్ధమాడినట్టు. రెండో వరసలో పడితే... ఆవిడ ఆ మాట మనసులో కూడా పూర్తి చెయ్యలేదు, దిష్టి తగులుతుందన్నట్టు.

మందు పొయ్యడం, అరగంట ఆగడం, కడగడం, మళ్లీ పొయ్యడం. టీ చల్లారిపోయింది. అన్నం డబ్బా మూత తియ్యనే లేదు. ఏంటి టైలరమ్మా, పెళ్లివారు వచ్చే ఇంట్లోలా కాలు ఒకచోట నిలవడం లేదు అని డాక్టరమ్మ ఆటపట్టించింది. ఈ జబ్బులు ఎందుకొస్తాయండీ అని అడిగింది ఆవిడ, వెయ్యోసారి. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా తనకీ సరిగ్గా తెలియదని, ఆ ప్రొటీన్ ఎందుకు పేరుకుంటుందో ఇంకా ఎవరికీ అంతుచిక్కలేదని ఒప్పుకుంది డాక్టరమ్మ. మా వదినైతే మిషను తొక్కీ తొక్కీ వచ్చిందంటుందండీ అంటే, ఆ లెక్కన టైలర్లందరికీ రావాలి కదా అని నవ్వింది.

మూడూ ఇరవైకి స్లైడ్లు ఆరాయి. ఇద్దరూ చెరోవైపు కూర్చుని చూసే మైక్రోస్కోపు ఉంది. డాక్టరమ్మ మొదటి వరస స్లైడు పెట్టింది. నీలం. అంతా నీలం. పక్కకి జరిపింది, నీలమే. గోధుమరంగు చుక్క ఒక్కటి లేదు. మందు పాడైందేమోనని తోడుగా పెట్టిన పాత పార్కిన్సన్స్ స్లైడు చూశారు. అందులో గుళికలు గుండ్రంగా, గోధుమరంగులో నిక్షేపంగా కనబడుతున్నాయి. మందు మంచిదే.

తర్వాత రెండో వరస. డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. నడిమెదడు నిండా గోధుమరంగే. కణం తర్వాత కణంలో చిక్కుపడ్డ దారం ఉండల్లా ముద్దలు ముద్దలుగా.

"ఇది పార్కిన్సన్స్ కాదు టైలరమ్మా. పి.ఎస్.పి. అంటారు. మొదట్లో రెండూ ఒకేలా ఉంటాయి, బతికుండగా పట్టుకోవడం కష్టం. దీనికి ఆ మాత్రలు మొదట్లో కాస్త పనిచేసినట్టుంటాయి, తర్వాత పనిచెయ్యవు."

"మింగినా?"

"డబ్బాలు డబ్బాలు మింగినా."

టైలరమ్మ పకపకా నవ్వేసింది. అంత పెద్దావిడ డాక్టరమ్మ మెడ చుట్టూ చేతులు వేసి ఊపేసింది. మా అన్నయ్య అబద్ధమాడలేదండీ అంది. కారిడార్లోకి వచ్చి తుడిచే ఆవిడకి చెప్పింది, లిఫ్టు దగ్గర మనిషికి చెప్పింది. వాళ్లకి ఏమీ అర్థం కాకపోయినా ఆవిడ మొహం చూసి వాళ్లూ నవ్వారు. మళ్లీ వెనక్కి పరిగెత్తుకొచ్చి, మరి ఆ గడ్డం ఎత్తుకుని చూడడం ఏంటండీ అని అడిగింది. ఈ జబ్బులో చూపు కిందికి దిగదని, కళ్లని కిందికి తిప్పే చోటు కూడా నడిమెదడులోనే ఉందని చెప్పింది డాక్టరమ్మ. పళ్లెంలో ఏముందో కనబడదు, కాళ్ల దగ్గర ఏం పడిందో కనబడదు.

బల్లమీద గుడ్డ కనబడదు. బల్లమీద పోసిన మాత్రలూ కనబడవు.

ఆవిడ స్టూలు మీద కూలబడింది. సంతోషం ఎక్కడికీ పోలేదు, కానీ దాని పక్కనే ఆ చెంచా వచ్చి కూర్చుంది. ఏడాదిన్నర పాటు దొంగని సోదా చేసినట్టు చేశానే అని మనసు కొట్టుకులాడింది. అయినా కాళ్లు ఆగలేదు. సాయంత్రం అయ్యేదాకా ఎవరుంటారు, డాక్టరమ్మకి చెప్పేసి నాలుగింటికే బస్సెక్కేసింది.

వదిన ఇంటి ముందుగదిలో ఉన్న కొట్టు తలుపు తీసే ఉంచింది. మిషను మీద ముసుగు కప్పి ఉంది. టైలరమ్మ చెప్పులు విడవకుండానే మొత్తం కక్కేసింది, టావ్ అని, నీలం అని, గోధుమరంగు అని. వదినకి రంగులు అక్కర్లేదు. మాత్రలు వేసుకున్నట్టేనా అంది. వేసుకున్నట్టే వదినా, అన్నీ వేసుకున్నాడు అంటూ ఉండగా టైలరమ్మకి పాత ముల్లు మళ్లీ గుచ్చుకుంది. అన్నీ వేసుకుంటే మరి గుండీల డబ్బాలోకి ఎలా వచ్చాయి? ఇక దాచడం ఎందుకని ఆ పదకొండు మాత్రల సంగతి బయటపెట్టింది.

వదిన నోరు తెరుచుకుని చూసింది. "ఊడ్చేటప్పుడు దొరికినవి నేనే కదే వేసేదాన్ని. ఈ ఇంట్లో నేలమీద తెల్లగా గుండ్రంగా దొరికితే అది గుండీ కాక ఇంకేమవుతుంది?"

నలభై ఏళ్ల అలవాటు. కళ్లజోడు పెట్టుకుని ఎవరు ఊడుస్తారు. బిగుసుకుపోయిన వేళ్లలోంచి మాత్ర ఎప్పుడు జారిందో అన్నయ్యకి తెలియదు, జారినా కిందికి చూడలేడు. నోట్లో వేసుకున్నాననే అనుకుని నీళ్లు తాగేశాడు. అప్పుడప్పుడూ ఒకటి. పదకొండు. ఆడవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వు ఏ మలుపులో ఏడుపైందో ఇద్దరికీ తెలియలేదు.

కళ్లు తుడుచుకున్నాక వదిన, నీకు ఇన్నాళ్లూ ఒకటి చెప్పలేదు, చెబితే కుమిలిపోతావని అంది. మెదడు రాసిస్తూ సంతకం పెట్టిన రోజున, ఇదంతా ఎందుకండీ అని వదిన అడిగిందట. ఆయన చాలాసేపు మాటలు పోగేసుకున్నాడట.

"చెబితే నమ్మడం లేదు చెల్లాయి. కోసి చూస్తే నమ్ముతుంది అన్నారు."

ఆ సంతకం అయిన వారానికి, ఒక మధ్యాహ్నం, గుక్కెడు నీళ్లు పొలమారి అన్నయ్యకి నెమ్ము చేసింది. ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాడు. చివరి రోజు పొద్దున ఆవిడ మంచం పక్కన మందు కలుపుతూ చెంచా చేతిలోకి తీసుకుంది, అన్నయ్య కళ్లు ఎదురుగోడ మీదే ఉన్నాయి, అలవాటుగా నోరు తెరిచాడు. సాయంత్రానికి లేడు. నర్సు వచ్చి చెప్పేదాకా ఇద్దరూ నిద్రపోయాడనే అనుకున్నారు.

వదిన టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. టైలరమ్మ గుండీల డబ్బా తీసి, కత్తిరించే బల్లమీద బోర్లించింది. చొక్కావి, కోటువి, పిల్లల గౌన్లవి గలగలా జారిపడ్డాయి. వేళ్లతో మెల్లగా పరిచింది. వాటి మధ్య, కన్నాలు లేని తెల్లటి గుండీ ఒకటి ఇంకా ఉంది.