గున్వోర్ వంటింట్లో ఎర్ర తలుపు

ప్రతి బుధవారం పొద్దున పదింటికి స్కార్వా దీవి చరిత్ర సంఘం చర్చి పక్క గదిలో కూర్చునేది. సంఘమంటే పెద్ద సంఘమేం కాదు. ఒక కాఫీ ఫ్లాస్కు, ఒక పళ్లెం వాఫుల్స్ అనే తీపి అట్లు, ముగ్గురు మనుషులు. స్కూలు లైబ్రరీలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన మాగ్నీ దీవి వికీలో పేజీలు రాసేది. ఒకప్పటి తంతి ఆఫీసు ఉద్యోగి టోరాల్ఫ్ ఆమె రాసినవాటిలో తప్పులు పట్టేవాడు. మూడో మనిషి మాగ్నీ వదిన గున్వోర్. ఆవిడ ఒక్క అక్షరం రాసేది కాదు, వాఫుల్స్ మాత్రం ఆవిడవే.

"ఈ శీర్షికకి అటు రెండు సమాన గుర్తులు పెట్టి ఇటు ఒకటే పెట్టావు," అనేవాడు టోరాల్ఫ్, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి.

"నీకు చేతులు లేవా? సరిచెయ్యి."

"సరిచేస్తే నా పేజీలో వేలు పెట్టావని వారం రోజులు మాట్లాడవు."

నిజానికి శీర్షికలతో గాని, నక్షత్రాలు పెట్టి రాసే జాబితాలతో గాని ఎవరికీ నష్టం లేదు. లింకుల దగ్గరే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఒక ఇంటి పేజీలో ఏ పేరు చుట్టూ జంట చదరపు బ్రాకెట్లు పెడితే ఆ ఇంట్లో ఆ పేరుకి ఒక నీలం తలుపు వస్తుంది. ముసలి యాల్మార్ ఇంటి పేజీలో కిరాణా కొట్టుకి లింకు పెట్టిన దగ్గర్నుంచి ఆయన మంచులో అడుగు పెట్టకుండా మేజోళ్లతోనే వంటింట్లోంచి వెళ్లి పాలు తెచ్చుకుంటున్నాడు. ఒక పేజీలో ఒక పేరుకి ఒక్కసారే లింకు వెయ్యాలని టోరాల్ఫ్ అందరి ప్రాణాలూ తీసేవాడంటే కారణం ఉంది. పాస్టరు గారి భార్య తెలియక పోస్టాఫీసుకి నాలుగుచోట్ల లింకు పెట్టి, పడగ్గదిలో మంచం వేసుకునేందుకు గోడ లేకుండా చేసుకుంది.

మనిషి పేరుకి లింకు పెడితే ఆ తలుపు ఆ మనిషి ఎక్కడుంటే అక్కడికి తెరుచుకుంటుంది. అందుకని అడక్కుండా ఎవరూ పెట్టరు. అవతలివాళ్లు స్నానం చేస్తూ ఉండొచ్చు.

ఇక పేజీ లేని పేరుకి లింకు పెడితే వచ్చేది ఎర్ర తలుపు. ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. పిడి ఎప్పుడూ తడిగా ఉంటుంది. దాన్ని తియ్యకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. పూర్వం ఒక స్కూలు మాస్టారు, అవతల ఏముందో చూసొస్తానని తీసి వెళ్లాడు. తర్వాత సంఘం వాళ్లు ఆయనకో పేజీ రాశారు. రెండు వాక్యాల పేజీ.

గున్వోర్ వంటింట్లో అలాంటి తలుపొకటి ఉంది. అది మాగ్నీ చేసిన పొరపాటే. ఆరేళ్ల కిందట ఆ ఇంటి పేజీలో, నివాసులు అనే శీర్షిక కింద, నక్షత్రం పెట్టి గున్వోర్ పేరు రాసింది. ఇంకో నక్షత్రం పెట్టి తన అన్న ఐలిఫ్ పేరు రాసింది. చేతి అలవాటు కొద్దీ ఆ పేరుకి బ్రాకెట్లు తొడిగేసింది. ఐలిఫ్‌కి పేజీ లేదు. పేజీ కావాలంటే రెండు ఆధారాలుండాలి, పుట్టిన తేదీ ఉండాలి, బతికి లేనివాళ్లకైతే పోయిన తేదీ కూడా ఉండాలి. తొమ్మిదేళ్ల కిందట చేపల వేటకి పోయినప్పుడు అతని పడవ దొరికింది గాని అతను దొరకలేదు. పోయిన తేదీ ఏదని రాస్తారు? పోనీ బ్రాకెట్లు తీసేద్దామంటే సొంత అన్న పేరు మీద ఆ పని చెయ్యడానికి మాగ్నీకి చేతులు రాలేదు. గున్వోర్ ఆ తలుపు ముందు బంగాళాదుంపల బుట్ట పెట్టుకుని కాలం గడుపుతూ వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక బుధవారం గున్వోర్ వాఫుల్స్‌తో పాటు తన పిల్లిని కూడా బుట్టలో పెట్టి తెచ్చింది.

"దీన్ని నువ్వుంచుకో మాగ్నీ. చేప ఉడికించి పెట్టు, పచ్చిది ముట్టదు."

"నువ్వెక్కడికి పోతున్నావు?"

"తలుపు తడుతున్నాడు. మూడు వారాలైంది. మూడు సార్లు తట్టి, ఆగి, ఇంకోసారి. బూట్ల మంచు దులుపుకోవడానికి గడపకి అలాగే తన్నేవాడు, నీకు గుర్తుందిగా. ఆదివారం చర్చి నుంచి వచ్చాక తీస్తాను."

"నీకేమైనా మతి పోయిందా?"

"తొమ్మిదేళ్లు మతి ఉండి ఏం బావుకున్నాను? ఒక్క మాట అడగాలి. అడిగి వచ్చేస్తాను."

"ఆ స్కూలు మాస్టారు తిరిగొచ్చాడా?"

"ఆయనకి అడగాల్సిందేమీ లేదు. ఊరికే చూడ్డానికి పోయాడు," అంది గున్వోర్, వాఫుల్ మీద గోధుమరంగు జున్ను పలచగా కోసి పెడుతూ.

ఆ మాట ఏమిటో మాగ్నీకి తెలుసు. ఆ రోజు పొద్దున వలలు తియ్యడానికి తోడు రమ్మని ఐలిఫ్ పెళ్లాన్ని పిలిచాడు. ముందురోజు మాటా మాటా అనుకున్నారు. గున్వోర్ గోడవైపు తిరిగి పడుకుని నిద్ర నటించింది. అతను ఒంటరిగా వెళ్లాడు. నా మీద కోపంతోనే పోయాడా అన్నది ఆమెని తొమ్మిదేళ్లుగా లోపల్నుంచి తినేస్తోంది.

గున్వోర్ వెళ్లాక మాగ్నీ టోరాల్ఫ్‌ని అడిగింది. "రూలు పక్కన పెట్టి అన్నయ్యకి పేజీ రాసేస్తే?"

"ఎర్ర తలుపు నీలం అవుతుంది. అతనున్న చోటికి తెరుచుకుంటుంది. అతనెక్కడున్నాడు?"

మాగ్నీ కిటికీలోంచి సముద్రం వైపు చూసింది.

"పావుగంటలో సముద్రం ఆవిడ వంటింట్లో ఉంటుంది," అన్నాడు టోరాల్ఫ్. "బ్రాకెట్లు తీసెయ్యి. తలుపు గోడైపోతుంది."

"మరి తడుతున్నవాడో?"

టోరాల్ఫ్ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "గోడలో ఉంటాడు," అన్నాడు.

ఆదివారం చర్చి గంటలు మోగుతుండగా మాగ్నీ తన వంటింటి బల్ల దగ్గర కూర్చుని గున్వోర్ ఇంటి పేజీ తెరిచింది. ఐలిఫ్ పేరుకి ఎడమవైపు రెండు బ్రాకెట్లూ చెరిపింది. కుడివైపువి చెరిపింది. భద్రపరచబోతుంటే రోడ్డవతల గున్వోర్ ఇంట్లోంచి తట్టుడు వినిపించింది. మూడు సార్లు తట్టి ఆగడం కాదు. గుక్క తిప్పుకోకుండా, రెండు చేతులతో, మునిగిపోతున్నవాడు పడవ అంచుని బాదినట్టు. మాగ్నీ గబగబా బ్రాకెట్లు నాలుగూ మళ్లీ పెట్టేసింది. తట్టుడు ఆగింది.

గంటలు కూడా ఆగాయి. ప్రార్థన అయ్యేలోగా ఏదో ఒకటి చెయ్యాలి.

అప్పుడు ఆమె ఐలిఫ్ పేరుతో ఖాళీ పేజీ తెరిచి ఒకే ఒక్క లైను రాసింది. దారిమార్పు అని రాసి, పక్కన జంట బ్రాకెట్లలో తన పేరు పెట్టింది. పాత పేరుతో వెతికినవాళ్లని కొత్త పేరు దగ్గరికి పంపడానికి, పొలాలకీ వీధులకీ పెట్టే లైను అది. మనుషులకి ఎవరూ పెట్టరు. మాగ్నీ కళ్లు మూసుకుని భద్రపరిచింది. ఆమె పేజీలో, పేరు కింద, చిన్న అక్షరాలు వచ్చాయి: ఐలిఫ్ నుండి దారిమార్పు.

పదకొండున్నరకి ఆమె వంటింట్లో, ఫ్రిజ్ పక్క గోడ తెరుచుకుంది. మెడదాకా కోటు బొత్తాలు పెట్టుకుని, రబ్బరు బూట్లు తొడుక్కుని, చేతిలో కాఫీ ఫ్లాస్కుతో గున్వోర్ లోపలికొచ్చింది. ఫ్రిజ్‌ని చూసింది. పిల్లిని చూసింది. మాగ్నీని చూసింది.

"ఎంత పని చేశావే!" అంది. ఫ్లాస్కు బల్ల మీద కొట్టినట్టు పెట్టింది. "నా చివరి మాట కూడా నోట్లోంచి లాక్కున్నావు. నీ ఇంటికి రావడానికా నేను పక్క దులిపి, పొయ్యి ఆర్పి వచ్చింది?"

తప్పైపోయింది, నువ్వు కూడా పోతే నాకెవరున్నారు అనబోయింది మాగ్నీ. నోరు తెరిచింది. నాలుక మీద ఉప్పు తగిలింది. వచ్చిన మాట ఆమె అనుకున్నది కాదు.

"ఆ పొద్దున నువ్వు నిద్రపోవడం లేదని నాకు తెలుసు," అంది. గొంతు ఆమెదే, నిదానం ఆమెది కాదు. "నిద్రపోతే గురక పెడతావుగా. నీ పాదం దుప్పట్లోంచి బయటికుంది. మంచుగడ్డలా ఉంది. కప్పి వెళ్లాను."

గున్వోర్ కుర్చీ పట్టుకుని మెల్లగా కూర్చుంది. "పాదం కప్పిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు," అంది. "కోపం ఉందా?"

"మెట్లు దిగేదాకా ఉంది."

గున్వోర్ ఏడ్చింది. చాలాసేపు, సిగ్గుపడకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి కోటు విప్పింది.

బుధవారం టోరాల్ఫ్ మాగ్నీ ఇంటికే వచ్చాడు. పేజీలో చిన్న అక్షరాలు చూశాడట. "మనిషిని మనిషికి దారి మళ్లించకూడదు," అన్నాడు. తర్వాత మాగ్నీ చేతుల వంక చూశాడు. ఆమె పరధ్యానంగా వంటింటి దారానికి బెస్తవాళ్ల ముడులు వేస్తోంది. వాటిలో ఒక్కటీ ఆమెకి రాదు. టోరాల్ఫ్ గొంతు తగ్గించాడు. "చెరిపెయ్యనా? ఒక్క మీట. ఇప్పుడైతే నువ్వు నువ్వుగా మిగులుతావు."

భయం వేసింది మాగ్నీకి. మూడు రోజులుగా ఆమె బూట్లు పొద్దున్నే లోపల తడిగా ఉంటున్నాయి. గున్వోర్ పొయ్యి దగ్గర నిలబడి వాఫుల్స్ తిప్పుతూ, వాళ్ల మాటలు విననట్టు నటిస్తోంది. ఆవిడకి నటించడం ఎప్పుడూ రాదు.

"ఉండనీ," అంది మాగ్నీ. అది తన మాటే.

మార్చిలో గాలి తగ్గిన రోజు పొద్దున్నే మాగ్నీ కాళ్లు ఆమెని రేవుకి తీసుకెళ్లాయి. పుట్టి బుద్ధెరిగాక ఆమె పడవెక్కింది లేదు, నీళ్లంటేనే గుండెదడ. చేతులు తాడు విప్పాయి, తెడ్లు అందుకున్నాయి. గున్వోర్ నైటీ మీద కోటు వేసుకుని రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది.

"జాగ్రత్త!" అని అరిచింది. "భోజనం వేళకి వచ్చెయ్!"

ఆ అరుపు ఎవరికో మాగ్నీకి తెలుసు. తెలిసి కూడా చెయ్యెత్తింది.

అఖాతం మూతి దాటాక చేతులు ఆగలేదు. ఒడ్డు సన్నని గీతైపోయింది. చేతులు ఇంకా దూరం లాగుతున్నాయి, తమకి తెలిసిన చోటికి.

"అన్నయ్యా, చాలు," అంది మాగ్నీ నీళ్ల వంక చూడకుండా. "ఆ తలుపు ఇప్పుడు నేనెక్కడుంటే అక్కడికి తెరుచుకుంటుంది. నేను మునిగితే సముద్రం గున్వోర్ వంటింట్లోకే వస్తుంది."

తెడ్లు నీళ్లలో అలాగే నిలిచిపోయాయి. పడవ కాసేపు ఊగింది. తర్వాత కుడి చెయ్యి ఒక్కటే తెడ్డు బలంగా వేసి, పడవ ముక్కు ఒడ్డు వైపు తిప్పుకుంది.