కాదనేవాడు

కిర్క్‌బ్రే పట్టణంలో కౌన్సిల్‌ని జనం ఎన్నుకోరు. సెప్టెంబరు చివర వచ్చే మైఖేల్మస్ పండుగనాడు పాత కౌన్సిల్ తలుపులు వేసుకుని కొత్త కౌన్సిల్‌ని ఎన్నుకుంటుంది. ఒకరో ఇద్దరో మారతారు, మిగతా అంతా పాత ముఖాలే. మళ్ళీ వాళ్ళే తమలోంచి నగరపెద్దనీ, కోశాధికారినీ తీసుకుంటారు. తమ వీపు తామే తట్టుకునే ఈ తంతుకి ముందు ప్రార్థన కూడానూ!

తాళ్ళు పేనే ఆండ్రూ లోరిమర్ కూడా ఆ కౌన్సిల్లో ఒకడు. అతనికి ఆ సభ గదంటేనే విసుగొచ్చేసింది. ఏటి ఒడ్డున ఊరి ఉమ్మడి పచ్చిక ఉంది. ఆడవాళ్ళు నారబట్ట అక్కడే పరిచి, ఎండకి తెల్లబరిచి, నాలుగు డబ్బులు తెచ్చుకుంటారు. లోరిమర్ భార్య గ్రిజెల్ పనీ అదే. నగరపెద్ద ఆబర్‌క్రాంబీ ఆ పచ్చికని తన బావమరిదికి కట్టబెట్టాలని ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నాడు. ఉమ్మడి నేల అమ్మాలంటే కౌన్సిల్లో ఒక్కరు కూడా కాదనకూడదు. లోరిమర్ ఒక్కడే ప్రతిసారీ కాదంటున్నాడు. ఆ ఒక్క మాటకి ఎన్ని దెప్పులు, ఎన్ని మొహం చాటేయడాలు! రేవులో వాళ్ళు అతని దగ్గర తాళ్ళు కొనడం కూడా మానేశారు.

"ఇక నావల్ల కాదే," అన్నాడు పండుగనాటి పొద్దున జావ తాగుతూ. "పీపాలు చేసే రాంకిన్ వయసులో ఉన్నాడు, నోరున్నవాడు. నా చోటు వాడికిచ్చి తప్పుకుంటా."

"నువ్విస్తే సరా? వాళ్ళు తీసుకోవద్దూ?"

"ఆబర్‌క్రాంబీ మాటిచ్చాడే."

"ఆయన మాట నీటి మీద రాత," అంది గ్రిజెల్, తడిబట్టల బుట్ట చంకనెత్తుకుంటూ.

సభలో లోరిమర్ లేచి, ఈ ఏడు నన్ను వదిలెయ్యండి అన్నాడు. అయ్యో, ఎంత ప్రేమ కురిపించారో! "పాపం, బాగా అలిసిపోయావయ్యా. ఇక విశ్రాంతి తీసుకో," అన్నారు, అతను కాదన్నప్పుడల్లా పళ్ళు నూరినవాళ్ళే. గుమాస్తా అతని పేరు కొట్టేశాడు.

ఆ చోటుకి లోరిమర్ రాంకిన్ పేరు చెప్పాడు. నగరపెద్ద తన మేనల్లుడి పేరు చెప్పాడు. రాంకిన్‌కి లేచిన చెయ్యి లోరిమర్‌ది ఒక్కటే.

"మాటిచ్చారు కదండీ!"

"రాంకిన్ పేరు చూస్తామన్నాను. చూశాం కదా!"

"అయితే నేనే ఉంటాను. నా పేరు మళ్ళీ రాయండి."

"కొట్టేసిన పేరు తిరిగి రాయడం మన ఆచారం కాదు లోరిమర్ గారూ," అన్నాడు గుమాస్తా. ఎవరో మర్యాదగా అతని టోపీ తెచ్చి చేతికిచ్చారు. కొత్త కౌన్సిల్ కూర్చునేటప్పుడు బయటివాళ్ళు ఉండకూడదు.

తలుపు పడింది. లోరిమర్ కాళ్ళు మెట్టు దిగనంటున్నాయి. లోపల నగరపెద్ద గొంతు పచ్చిక సంగతే ఎత్తింది. "కాదనేవాళ్ళెవరైనా ఉన్నారా?"

"నేను! నేను కాదంటున్నాను!" అని అరిచాడు లోరిమర్ మూసిన తలుపు మీద చెయ్యేసి.

లోపల ఎవరో దగ్గారు.

"ఎవరూ లేరు. రాసుకో," అంది నగరపెద్ద గొంతు.

అతను ఏటి ఒడ్డుకి నడిచాడు. పచ్చిక నిండా తెల్లటి బట్టలు. గ్రిజెల్ వంగి ఓ అంచు సరిచేస్తోంది. ఆమె ముఖం చూడాలంటే సిగ్గేసింది.

"బట్టలు తీసెయ్యవే," అన్నాడు.

"ఇప్పుడే పరిచాను కదయ్యా, ఇంకా తడైనా ఆరలేదు," అంది ఆమె తలెత్తకుండానే.