ఉమామహేశ్వరమ్మ పాట

“రాతి ముక్క ఎగిరొచ్చి పాప కంట్లో పడితే ఎట్లప్పా?”

నంద్యాల బస్టాండులో ఉమామహేశ్వరమ్మ ఈ మాట అడిగింది కండక్టరును. ఆళ్లగడ్డకు రెండు టికెట్లు కొడుతున్న ఆయన తల ఎత్తకుండానే, “ఇంగా బస్సే కదల్లేదు గదమ్మా” అన్నాడు.

కిటికీ పక్కన కూర్చున్న కూతురు ప్రవళిక నవ్వలేదు. నవ్వేదే అయితే ఈ ప్రయాణమే లేదు. బడి వార్షికోత్సవంలో పాడుతూ పాడుతూ పిల్ల గొంతు మైకు ముందు కీచుమంది. హాలంతా గొల్లున నవ్వింది. అప్పటినుంచి పాట సరే, మాట కూడా బందు. ఏమడిగినా తలూపడమే. డాక్టరు చూసి గొంతుకేమీ లేదన్నాడు. ఏమీ లేదన్నాడంటే ఏదో పెద్దదే ఉందని ఉమామహేశ్వరమ్మ తేల్చుకుంది. పిల్ల జన్మంతా మూగదానిలా ఉండిపోతుందేమోనని ఆమెకు ముద్ద దిగడం లేదు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే అన్న గురుస్వామి, ఒకసారి తన దగ్గరికి తీసుకురమ్మన్నాడు.

రాళ్లు చెక్కే షెడ్డులో గురుస్వామి మేనకోడల్ని ఏమీ అడగలేదు. చేతికి చిన్న సుత్తి ఇచ్చి, కొత్తగా దిగిన రాళ్లను తట్టి చూడమన్నాడు. గంటలా మోగినది విగ్రహానికి పనికొస్తుంది, దబ్బుమన్నదాంట్లో పగులున్నట్టు. వేళ్లు నలుగుతాయని తల్లి మొత్తుకుంటూనే ఉంది. ఎవరూ వినిపించుకోలేదు.

ప్రవళిక తట్టింది. ఒకటి ఖంగుమంది, ఇంకోటి సన్నగా పలికింది. కాసేపటికి మంచి రాయి సంగతి మరిచిపోయి, ఆ రెంటి మధ్యే తిరుగుతూ ఒక వరస కట్టింది. సగం చెక్కిన నంది దగ్గరున్న పనివాడు అల్తాఫ్ తన ఉలి దెబ్బను దానికి కలిపాడు. గురుస్వామీ కలిపాడు. షెడ్డంతా తాళం.

ఉమామహేశ్వరమ్మ కాలు తనంతట తానే ఆడింది. ఏ దయ్యం పట్టిందో, నాట్లేసేటప్పుడు పాడే పాటొకటి ఎత్తుకుంది. పైకి పోగానే గొంతు విరిగింది. అల్తాఫ్ పక్కకు తిరిగి నవ్వాడు. గురుస్వామి ఉలి వదిలేసి మరీ నవ్వాడు.

“మా చెల్లెలు ఇంగో చరణం పాడితే ఈ నంది లేచి పోతాది” అన్నాడు.

ఆమెకు చెవులు వేడెక్కాయి. కానీ కూతురి సుత్తి ఆగలేదు. అది ఆగనప్పుడు తానెట్లా ఆగుతుంది? విరిగిన గొంతుతోనే పాటను చివరిదాకా లాక్కొచ్చింది.

“ఎట్ల పాడినానే?” ఆయాసపడుతూ అడిగింది.

ప్రవళిక సుత్తి కింద పెట్టింది. చేతులు దులుపుకుంది. అల్తాఫ్ నవ్వు ఆపేశాడు. బయట రోడ్డు మీద ఆటో ఒకటి వచ్చి, ఎవరినో దింపి, వెళ్లిపోయింది. పిల్ల మళ్లీ తల ఊపి ఊరుకుంటుందేమోనని తల్లి ఆ తల వైపే చూసింది.

“శ్రుతి యాడికో పోయిందిమా” అంది ప్రవళిక. “మళ్లా ఎత్తుకో. నేనూ పాడతా.”