పొగ లేని కుంపటి

మా అమ్మ జయాబాయికీ మా తమ్ముడి భార్య మేఘకూ ఒక్కనాడూ పొసగలేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఒక గొడవ, తక్కువైతే ఇంకో గొడవ. వాళ్లిద్దరూ ఒక్క మాట మీదికి వచ్చింది ఒకే ఒక్కసారి, కుంపటి విషయంలో. ఆ రాజీ కుదరకుండా ఇద్దరూ జుట్లు పట్టుకొని కొట్టుకున్నా బాగుండేది. నేనైనా మధ్యలో దూరి నాలుగు తిట్లు తిట్టి, ఎవరి గదిలోకి వాళ్లను తోసేదాన్ని.

మేఘ నూనెలు తీస్తుంది. తాళింపుకు వాడేవి కావు. నిమ్మగడ్డి, నీలగిరి ఆకు, వావిలాకు, తులసి పెద్ద కుక్కర్లో వేసి, మూతకు రాగి గొట్టం బిగించి, వచ్చే ఆవిరిని చల్లార్చి, పైన తేలిన నూనెను సీసాల్లో పడుతుంది. గంపెడు ఆకు ఉడికితే బొటనవేలంత సీసా నిండదు. వానాకాలానికి ఒక పెట్టె, చలికాలానికి ఒక పెట్టె అని కట్టి అమ్ముతుంది. ఏ నూనె ఎందుకు వాడాలో ఫోన్‌లో వీడియోలు తీసి పెడుతుంది. రాయచూరులో నాకు తెలిసిన ఆడవాళ్లంతా అవి చూసేవాళ్లే.

ఆకు అరకేర అనే పల్లె నుంచి యంకవ్వ అనే రైతు పంపుతుంది. చుట్టూ పత్తి చేలన్నీ మందుతో కంపు కొడుతుంటే, ఆమె తన పొలం చెక్కకు మాత్రం చుక్క మందు తగలనివ్వదు. పక్క చేనులో స్ప్రేయర్ చప్పుడైతే చాలు, గట్టు మీద నిలబడి తిట్టిపోస్తుందట. ఆ నోరు విన్నప్పటి నుంచి ఆమె అంటే నాకు ఇష్టం.

అమ్మది వేరే వైద్యం. వాము, వెల్లుల్లి పొట్టు, సాంబ్రాణి, వస కొమ్ము. మా ఇళ్లలో బాలింతకు తలంటు పోశాక నులక మంచం మీద పడుకోబెట్టి, కింద నిప్పుల కుంపటి పెట్టి, నిప్పుల మీద వామూ వెల్లుల్లి పొట్టూ చల్లుతారు. నడుము గట్టిపడుతుందని, బిడ్డకు జలుబు చేయదని అంటారు. నా ఇద్దరు పిల్లలప్పుడూ ఆ పొగలోనే దగ్గుతూ పడుకున్నాను. కాకపోతే అది పాత మట్టి మిద్దె. నడినెత్తిన పొగ పోవడానికి గవాక్షి ఉండేది, తలుపు సందులో చెయ్యి పట్టేది. పొగ మరీ కమ్ముకుంటే కళ్లు మండి ఎవరో ఒకరు లేచి తలుపు బార్లా తెరిచేవారు.

ఇప్పుడున్నది మా తమ్ముడు మహాంతేశ్ ఊరి చివర యరమరస్ దిక్కు కట్టించిన స్లాబు ఇల్లు. దుమ్ము రాకూడదని కిటికీలకు అద్దాలు, అద్దాల అంచులకు రబ్బరు పట్టీలు. తలుపు వేస్తే బయట లారీ పోయినా వినపడదు. గృహప్రవేశం నాడు వచ్చినవాళ్లందరికీ ఆ తలుపు వేసి చూపించి మురిసిపోయాడు.

మేఘకు తల్లి లేదు గనుక పురుడు ఆ ఇంట్లోనే పోశాం. ఆడపిల్ల. మంచి చలికాలం. నేను కుట్టుమిషన్ దుకాణానికి తాళం వేసి సాయానికి వచ్చాను. వచ్చీ రాగానే అత్తాకోడళ్ల పంచాయతీ నా నెత్తిన పడింది.

"పొగ బెడ్తె బిడ్డ ఊపిరితిత్తులు ఖరాబైతయ్ అత్తమ్మా. నేనొప్పుకోను," అంది మేఘ.

"మహాంతేశ్ గా పొగలనే పెరిగిండు. ఏమైంది వానికి? ఎద్దు లెక్క ఉన్నడు," అంది అమ్మ.

"ఎద్దు లెక్కనే ఉన్నడు. రాత్రంత దగ్గుతడు."

"నీ నూనెల వాసనకు దగ్గుతున్నడేమో."

"ఇద్దరు జర నోరు బంద్ చేస్తరా? పసిదాన్ని పండనియ్యరా?" అన్నాను నేను.

ఉపాయం మేఘకే తట్టింది. బొగ్గులు పెరట్లో రాజేసి, పొగంతా పోయి ఎర్రగా కణకణలాడేదాకా ఆగి, అప్పుడు లోపలికి తేవాలి. వామూ పొట్టూ చల్లకూడదు. కుంపటి మీద నీళ్ల గిన్నె పెట్టి, అందులో వావిలి నూనె, నీలగిరి నూనె చుక్కలు వేయాలి. కాపడం అత్తగారిది, వాసన కోడలిది. అమ్మ తల ఊపింది.

"పొగనే లేనప్పుడు కిటికీ ఎందుకు తియ్యాలె? చలిగాలి తగుల్తది," అంది అమ్మ.

"అవు అత్తమ్మా. నూనె వాసన గూడ బయటికి పోతది," అంది మేఘ.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వారు. ఆ ఇంట్లో అలాంటి నవ్వు నేను అంతకుముందు చూడలేదు. నాకూ ప్రాణం లేచి వచ్చింది.

ఇక మేఘ ఊరుకుంటుందా? అమ్మకు జరీ చీర కట్టించి కుంపటి పక్కన కూర్చోబెట్టింది. వెలుతురు కోసం తలుపు తెరిచి పెట్టుకొని, నన్ను ఫోన్ పట్టుకోమని వీడియో తీయించింది. "పొగ లేని కుంపటి. కాపడం మా అత్తమ్మది, నూనె నాది. కిటికీ మూసుకుంటె వాసన నిలబడ్తది," అని నవ్వుతూ చెప్పింది. అమ్మ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సాయంత్రమే యంకవ్వ మాట రికార్డు చేసి పంపింది. "మస్తుంది మేఘమ్మా. మా బిడ్డ గూడ బాలింతనే గద. రేపు సంతల బొగ్గులు తెస్త. మేము గూడ గట్లనే బెడ్తం." మేఘ దాన్ని అమ్మకు మళ్లీ మళ్లీ వినిపించింది.

మరునాడు పొద్దున చలి బాగా ముదిరింది. అమ్మ కుంపటి నిండా బొగ్గులు పోసింది. పెరట్లో పొగంతా పోయేదాకా విసనకర్రతో విసిరి, ఎర్రటి నిప్పులు మంచం కిందికి జరిపింది. తలంటు అయిన మేఘ బిడ్డను పక్కలో వేసుకొని పడుకుంది. వీడియో గొడవ లేదు, వచ్చిపోయేవాళ్లు లేరు. అమ్మ తలుపు మూసి, ఎవరూ లోపలికి పోయి నిద్ర చెడగొట్టకుండా గడప ముందే చాప వేసుకొని కూర్చుంది.

నేను వంటింట్లో బాలింతకు వెల్లుల్లి కారం నూరుతున్నాను. రోట్లో చప్పుడు మొదలైతే ఆ పిల్ల లేచి ఊరంతా వినపడేలా ఏడ్చేది. ఆ రోజు లేవలేదు.

"బిడ్డ లేస్తలేదేందమ్మా?" అని అడిగాను.

"పండనీ. వెచ్చగుంది గద పాపం. నిన్నంత ఏడ్చింది," అంది అమ్మ. ముఖంలో ఎంత తృప్తి ఉందో చెప్పలేను.

అన్నం కలిపి పళ్లెం పట్టుకొని తలుపు తీశాను. గదంతా వావిలి, నీలగిరి వాసన. కమ్మగా ఉంది. ఆ మాట రాయాలంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది, కానీ కమ్మగానే ఉంది. మేఘ వెల్లకిలా పడుకొని ఉంది. పిలిచాను, పలకలేదు. దగ్గరికి పోతే నోటి పక్కన వాంతి మరక కనిపించింది. పళ్లెం ఎక్కడ పడేశానో తెలియదు. బిడ్డను ఎత్తితే తల వాలిపోయింది. నాకే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. "అమ్మా" అని అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. ఇద్దరం కలిసి మేఘను రెక్కలు పట్టి బయటికి ఈడ్చాం. ఎదురింటాయన ఆటో తీశాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరు బిడ్డ గుండె మీద గొట్టం పెట్టి చూసి, దుప్పటి ముఖం మీదికి లాగాడు. మేఘ ఊపిరి ఆడుతోందని, ఆక్సిజన్ పెట్టి లోపలికి తీసుకుపోయారు.

"ఇంట్లో బొగ్గులేమైనా కాల్చారా?" అని డాక్టరు అడిగాడు.

"కాల్చినం గానీ పొగ లేకుండె సారూ. ఒక్క పిసరు గూడ లేకుండె," అంది అమ్మ.

బొగ్గు ఎర్రగా కాలేటప్పుడు పొగ లేకపోయినా విషవాయువు వస్తుందని, దానికి రంగూ వాసనా ఉండవని, మూసిన గదిలో నిద్రలోనే ప్రాణం తీస్తుందని ఆయన ఓపికగా చెప్పాడు. అమ్మ విన్నది. విని, "కండ్లకు కనబడక, ముక్కుకు తెల్వకుంటె మేమెట్ల తెలుసుకోవాలె సారూ?" అని అడిగింది. ఆయన కాగితాలు సర్దుకొని ఇంకో మంచం దగ్గరికి పోయాడు. ఆ తర్వాత కనిపించిన ప్రతి మనిషికీ అమ్మ అదే చెప్పింది, పొగ లేకుండె, పొగ లేకుండె అని. ఆయాకు చెప్పింది, ఊడ్చే ఆమెకు చెప్పింది. నాకు ఒళ్లు మండి, నోరు మూసుకోమని కసిరాను. మూసుకుంది. అప్పుడు ఇంకా భయమేసింది.

మేఘ మరునాడు మధ్యాహ్నం కళ్లు తెరిచింది. "పాపకు పాలియ్యాలె," అంది. మహాంతేశ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ ఇంట్లో నోరున్నది నాకొక్కదానికే కాబట్టి నేనే చెప్పాను. ఎలా చెప్పానో అడగొద్దు.

మేఘ ఏడవలేదు.

"బొగ్గులేనా వదినా?"

"అవు మేఘా."

"పొగ తీసేసినం గద."

ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుంది. చేతిలో సెలైన్ సూది కదిలి రక్తం వచ్చినా వదల్లేదు.

"యంకవ్వ," అంది. "నా ఫోనియ్యి వదినా."

నాకు అప్పుడు తట్టింది. సంచిలోంచి ఫోన్ తీసి ఇచ్చాను. యంకవ్వ అరగంట కిందట పంపిన మాట ఉంది. "మేఘమ్మా, బొగ్గులు రాజేసినం. నువ్వు జెప్పినట్లే పొగ పోయినంక లోపలికి తెచ్చినం, కిటికీ బంద్ జేసినం. కొత్త స్లాబు గది గద, మంచిగ వెచ్చగైంది." వెనక పసిబిడ్డ గొంతు సన్నగా వినిపించింది.

మేఘ ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మహాంతేశ్ ఇటు తిరిగాడు. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. చేనుకు పోయిందేమో, ఫోన్ ఇంట్లో పెట్టిందేమో అని నేను ఏదేదో అంటున్నాను. మేఘ నన్ను వినడం లేదు. మళ్లీ చేసింది. ఎత్తారు.

"యంకవ్వా, కిటికీ తెరువు. తల్లిని, బిడ్డను బయటికి తీస్కరా. ఇప్పుడే."

"ఏమైంది మేఘమ్మా? ఇద్దరు మంచిగ నిద్రపోతున్నరు."

"లేపు యంకవ్వా. నీ కాళ్లు మొక్కుత, లేపు."

ఫోన్‌లో అడుగుల చప్పుడు, గడియ తీసిన చప్పుడు. యంకవ్వ కూతురిని పిలుస్తోంది. ఒకసారి మామూలుగా, ఆ తర్వాత గొంతు మారి. అవతల ఏవో కిందపడ్డాయి. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. మేఘ ఫోన్‌ను రెండు చేతులా పట్టుకొని కూర్చుంది.

అప్పుడు బిడ్డ ఏడ్చింది. మొదట పిల్లికూనలా, ఆ వెనకే గట్టిగా, కోపంగా. వెనకాల ఎవరో ఆడమనిషి దగ్గుతూ, తల నొస్తుందని అంటోంది.

"లేచిన్రు మేఘమ్మా. బయటికి తెచ్చిన. లేపినమని బిడ్డకు కోపమొచ్చింది," అంది యంకవ్వ రొప్పుతూ. "ఎందుకు లేపమంటివి? నీ బిడ్డ బాగుంది గద?"

మేఘ ఫోన్ పెట్టలేదు. అవతల బిడ్డ ఏడుస్తూనే ఉంది. మేఘ రవిక రెండు వైపులా తడిసి, పాలు ఆసుపత్రి దుప్పటి మీదికి కారుతున్నాయి.