ఖాళీ గొట్టం రంగు

సీసాలమ్మకు అసలు పేరొకటి ఉందన్న సంగతే ఆ ప్రయోగశాలలో ఎవరికీ గుర్తులేదు. పదకొండేళ్లుగా గాజు గొట్టాలు కడగడమే ఆవిడ పని. కడిగి ఊరుకునే మనిషైతే బాగుండేది. పారేసే అల్యూమినియం రేకుల్ని కూడా అరచేత్తో సాపుచేసి, నాలుగు మడతలు పెట్టి డబ్బాలో దాచేది. ఆ పొదుపే ఆ రోజు కొంప ముంచింది.

పొద్దున్నే కిటికీ పక్క బల్ల మీద, రేకులు చుట్టిన గొట్టాల స్టాండు కనబడింది. నిన్నటివేలే అనుకుని రేకులన్నీ ఊడదీసింది. లోపల ఊదా రంగు నీళ్లు! ఇంకా పని కాలేదన్నమాట. ఆ వేళకే కూతురు ఫోన్ చేస్తే వరండాలోకి వెళ్లింది. మనవడి ఊడిన పన్ను దగ్గర మొదలైన కబురు వియ్యపురాలి మోకాళ్ల దాకా పోయింది. తిరిగొచ్చేసరికి ఎండ గొట్టాలన్నిటినీ కప్పేసి ఉంది. గబగబా రేకులు మళ్లీ చుట్టేసి, ఏమీ ఎరగనట్టు తొట్టి దగ్గర నిలబడింది.

కాసేపటికి పరిశోధన చేసే అమ్మాయి వచ్చింది. రేకులు విప్పి, యంత్రంలో పెట్టి చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది.

"పెద్దమ్మా! క్లోవర్ గడ్డి దుమ్ము దులిపేసింది. సోయా కూడా తక్కువ తినలేదు. రంగు చూడు, ఎలా పాలిపోయిందో!"

సీసాలమ్మ తొట్టికేసి తిరిగిపోయింది. ఈ పిల్లే కదా తనకు విడమరిచి చెప్పింది. ఒంట్లో కొన్ని అణువులు జత తెగి, కనబడిన వాటినల్లా పీకుతూ తిరుగుతాయట. సోయా గింజల్లో, ఎర్రపూల క్లోవర్‌లో ఉండే పదార్థాలు తమ దగ్గరున్నది వాటి చేతిలో పెట్టి నిమ్మళింపజేస్తాయట. వాటి రసం కలిపిన గొట్టంలోని ఊదా రంగు పోయి పసుపు తేలితే, ఆ పని జరిగినట్టట. "ఎండ తగిలినా రంగు పోతుంది, అందుకే రేకు" అని కూడా చెప్పింది. ఆ చివరి మాటే చెవిలో ఈగలా తిరుగుతోంది.

"మూడింటికి పెద్దసారుకు చూపిస్తా. ఇన్నాళ్లకు నా మొహాన నవ్వు చూస్తారాయన."

సీసాలమ్మకు పోయినేటి సంగతి గుర్తొచ్చింది. సీసాలు తారుమారు చేసిన మనిషిని ఆ పెద్దసారు సాయంత్రానికల్లా ఇంటికి పంపేశారు. నోరు విప్పితే తన గతీ అంతే. విప్పకపోతే? ఆయన మళ్లీ చేయించి చూస్తారు. అప్పుడు అబద్ధాలకోరుగా నిలబడేది ఈ పిల్ల.

కడిగిన గొట్టాలనే మళ్లీ కడిగింది. గడియారం రెండున్నర దాటింది. అమ్మాయి కాగితాలు సర్దుకుంటోంది.

"తల్లీ, ఖాళీ గొట్టం చూశావా?"

ఖాళీ గొట్టమంటే పేరుకే ఖాళీ. అందులో ఊదా నీళ్లుంటాయి, సోయా గానీ క్లోవర్ గానీ ఉండవు. దాని రంగు మారకూడదు. మారిందంటే అది ఎండ పనే.

"నిన్న చూశాగా పెద్దమ్మా. ఆ అంకెతోనే లెక్క వేశా."

"ఇవాళ్టిది చూడు."

అమ్మాయి తీసి వెలుగుకు పట్టింది. గొట్టం వెలవెలబోయి ఉంది. ఆ పిల్ల మొహం కూడా అలాగే అయింది.

"రేకులు నేనే తీశానమ్మా. మళ్లీ చుట్టేశా. పొద్దున్నే చెప్పాల్సింది, భయమేసింది."

"ఇంతసేపా! నేను గంతులేస్తుంటే చూస్తూ నిలబడ్డావా?"

"నిలబడ్డాను. తిట్టు."

అమ్మాయి తిట్టలేదు. కుర్చీలో కూలబడి, చేతిలో కాగితాన్ని రెండుగా చింపింది. కాసేపటికి లేచింది. "నిన్నటి అంకె వాడడం నా తప్పు. సారుకు ఇద్దరి తప్పూ నేనే చెప్తా. నీ సంగతి ఆయనేం చేస్తారో నాకు తెలీదు పెద్దమ్మా." వెళ్లి, రేపటికి గడువు అడిగి వచ్చింది. ఆయనేమన్నారో చెప్పలేదు. సీసాలమ్మ రేపటికి గొట్టాలు కడిగి ఆరబెట్టింది.

మర్నాడు కొత్తగా కలిపిన గొట్టాలను ఈసారి బీరువాలో పెట్టారు. అరగంట సేపు సీసాలమ్మ తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. ఫోన్ రెండుసార్లు మోగినా తీయలేదు.

తలుపు తెరిచారు. క్లోవర్ గొట్టం సగం పాలిపోయింది, సోయాది అంతకన్నా తక్కువ. నిన్నటంత గొప్పగా ఏమీ లేదు. అమ్మాయి వాటినే చూస్తోంది. సీసాలమ్మ చూపు మాత్రం చివరనున్న ఖాళీ గొట్టం మీదే ఉంది.

అది వంకాయ రంగులో నిగనిగలాడుతోంది.

"పెద్దసారు వస్తున్నారు" అంది అమ్మాయి. సీసాలమ్మ చేతులు తుడుచుకుని ఆ పిల్ల పక్కన నిలబడింది.